పిందెలు ఎందుకు రాలుచున్నవి?

మూలవాక్యములు: యోహాను 15:16; లూకా 8:14; లూకా 13:6-9



మన బెళ్ళందూరులో ఒక సహోదరుని ఇంటి పెరట్లో మామిడిచెట్టు ఉన్నది. కడియం నుండి తెచ్చిన బంగినపల్లి అంటు. నాటి పదకొండేండ్లు దాటింది. ఆ ఇంట నెలకొకసారి గృహకూటము జరుగుతుంది గనుక మనలో చాలమంది ఆ చెట్టు నీడలో కూర్చుని పాటలు పాడినవారమే.

2024 మార్చి నెల కూటమునకు వెళ్ళినప్పుడు ఆ పెరడంతా పిందెలు రాలి ఉన్నవి. బఠాణీ గింజంతవి, గోళీకాయంతవి. అడుగు వేస్తే కాలి క్రింద చిట్లుచున్నవి. అంతకు ముందు జనవరిలో చెట్టు ఆకు కనబడకుండా పూసింది. "ఈ ఏడు సంఘమంతటికీ కాయలు పంచుతాము అయ్యగారూ" అని ఆ ఇంటి సహోదరి సంతోషముతో చెప్పింది. ఇప్పుడు ఆమె చీపురుతో ఆ పిందెలను ఒక మూలకు ఊడ్చి, గంపలోకి ఎత్తుచున్నది.

కుర్చీలు వేస్తుండగా తలా ఒక మాట అన్నారు. "దిష్టి తగిలింది" అన్నారొకరు; విశ్వాసుల నోట అటువంటి మాట ఇంకా వస్తున్నదంటే అది నా బోధలోని లోపమే. "మందు కొట్టించండి" అన్నారు మరొకరు. ఇంకొక పెద్దాయన బైబిలు తెరచి, మలాకీ 3:11 చూపించి, "దశమభాగము సరిగా ఇచ్చుచున్నారా?" అని అడిగారు. ఎవరూ మాటాడలేదు.

అప్పుడు ఆ ఇంటి నాయనమ్మగారు, ప్రకాశం జిల్లా పల్లెలో పుట్టి పెరిగిన మనిషి, వాకిట్లో కూర్చున్నది కూర్చున్నట్టే అన్నది: "రాలిన కాయను చూస్తారేమిటయ్యా? చెట్టు కాళ్ళు చూడండి."

చూశాము. మాను చుట్టూ జానెడు జాగా కూడ లేకుండ సిమెంటు గచ్చు. అంతకు ముందు క్రిస్మస్‌కు పెరడంతా గచ్చు చేయించారు. ఎందుకు? గృహకూటమునకు వచ్చేవారి కుర్చీలు మట్టిలో దిగకుండ ఉండుటకు! ఆమె అన్న మాట ఇది: "మీ కుర్చీల కోసం దాని నోరు మూశారు."

ఆ రాత్రి నేను చేయవలసిన ప్రసంగము వేరు. చేసితిని గాని నా మనస్సు ఆ గచ్చు మీదనే ఉన్నది. ఆ మాటనే ఈనాడు మీతో ధ్యానించగోరుచున్నాను.

1. రాలిన ప్రతి పిందె శాపము కాదు

మామిడి సంగతి కొంచెము తెలిసికొందము. ఒక్క పూతకంకికి వందల కొలది, ఒక్కొక్కప్పుడు వేల కొలది పూలు పూస్తాయి. వాటిలో చాలా భాగము మగపూలే. అవి కాయ కావు. కాయ కాగలిగిన పూలలో కూడ నూటికి ఒకటి పండు వరకు నిలువదు. ఇది తెగులు కాదు. చెట్టు తాను మోయగలిగినంత ఉంచుకొని మిగిలినది విడిచిపెడుతుంది. దేవుడు దానిని అట్లే చేశాడు. కనుక నేల మీద పిందె కనబడగానే ఈ ఇంట పాపమున్నది అనేవాడు చెట్టునూ ఎరుగడు, దాని కర్తనూ ఎరుగడు.

మలాకీ చెప్పిన వాగ్దానము సత్యమే. ద్రాక్ష అకాలములో కాయ రాల్చకుండ చేయుదునని సైన్యములకధిపతియగు యెహోవా సెలవిచ్చెను. అయితే అది దేవుని మందిరమును నిర్లక్ష్యము చేసిన ఒక జనమంతటితో ఆయన పలికిన మాట. ఒకరి పెరటి చెట్టును చూచి మనము తీర్పు తీర్చుటకు ఇచ్చిన కొలబద్ద కాదు. యోబు స్నేహితుడు ఎలీఫజు కూడ భక్తిహీనుడు పిందెలు రాల్చు ద్రాక్షచెట్టువంటివాడని అన్నాడు (యోబు 15:33). ఆ మాట అన్నది ఎవరితో? పదిమంది బిడ్డలను ఒక్క దినమున పోగొట్టుకొన్న తండ్రితో! చివరకు దేవుడు ఆ స్నేహితుల మీద కోపించి, వారు తనను గూర్చి యుక్తముగా పలుకలేదని చెప్పెను.

ఆ కూటములో ఒక చెల్లెలు కూర్చుని ఉన్నది. ఆ సంవత్సరమే ఆమె గర్భము నిలువలేదు. పెద్దాయన మలాకీ వాక్యము చదివినప్పుడు ఆమె తల వంచుకొన్నది. తరువాత మా ఇంటికి వచ్చి, "అయ్యగారూ, నా పిందె రాలినది కూడ కానుక ఇవ్వకనేనా?" అని అడిగింది. ఆమె అనుమతితోనే ఈ సంగతి వ్రాయుచున్నాను. కాదమ్మా, కాదు. ఈ మాట సంఘమంతా వినవలెను. ఏ తల్లి కడుపున బిడ్డ నిలువకపోయినా, అది శాపమని చెప్పే అధికారము మనకెవరికీ లేదు. ఏడ్చువారితో ఏడువుమన్నదే మనకు ఇచ్చిన ఆజ్ఞ.

2. లోపల గింజ పట్టని పిందె నిలువదు

అయితే రాలవలసిన వాటి కంటె ఎక్కువ రాలినప్పుడు కారణము వెదకవలెను. పూలకు తేనెటీగ, ఈగ వంటివి రాక పుప్పొడి అందకపోయినా, తేనెమంచు పురుగు రసము పీల్చినా, బూడిద తెగులు కమ్మినా పిందె నిలువదు. మన నగరములోనే హెసరఘట్టలో ఉద్యాన పరిశోధన సంస్థ ఉన్నది. ఆ చదువు చదివినవారు చెప్పేది ఇది: పిందె తొడిమెను పట్టుకొని ఉండుటకు లోపల పెరుగుచున్న గింజయే ఆధారము. గింజ నుండి వచ్చు ఒక రసాయనము తొడిమెను గట్టిగా ఉంచుతుంది. గింజ పట్టకపోయినా, పట్టినది లోపలనే ఎండిపోయినా, తొడిమె దగ్గర ఒక పలుచని పొర వదులవుతుంది. ఆ మీదట చిన్న గాలి చాలు. మనము గాలిని నిందిస్తాము. గాలికి ముందే తొడిమె తెగి ఉన్నది.

మన బాప్తిస్టులకు ఈ మాట కొత్త కాదు. పసిబిడ్డకు నీళ్ళు చల్లి విశ్వాసి అనము. నమ్మినవానికే బాప్తిస్మము అని మన పితరులు నిలిచారు. 1876 నుండి 1878 వరకు మన తెలుగు జిల్లాలలో గొప్ప కరువు వచ్చింది. ఒంగోలులో ఉన్న క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ళ పని ఒప్పుకొని, వేలమందికి కూలి చూపించి బ్రతికించారు. ఆ దినములలో బాప్తిస్మము అడిగినవారు ఎందరో. ఆయన దాదాపు 15 నెలలు ఒక్కరికి కూడ బాప్తిస్మము ఇవ్వలేదు. అన్నము కోసము వచ్చిన విశ్వాసము కాకూడదని ఆయన భయము. కరువు పని ముగిసి, కూలి ఆగిన తరువాత కూడ వారు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు వంతులుగా నీళ్ళలో నిలిచారు. లోపల గింజ పట్టినదో లేదో చూచిన తరువాతనే ఆ పంట వచ్చింది.

మరి మనము? పిల్లవాడు పదవ తరగతికి వచ్చాడు, ఈస్టరుకు బాప్తిస్మము ఇప్పించండి అంటాము. తోటి పిల్లలందరూ తీసికొన్నారు, మావాడు ఒక్కడే మిగిలాడు అంటాము. పెండ్లి సంబంధము వచ్చింది, సర్టిఫికెట్టు కావలెను అంటాము. కాపరులమైన మేము కూడ సంవత్సరాంతపు నివేదికలో సంఖ్య కోసము తొందరపడినవారమే. నేను తొందరపడ్డాను. అది ఒప్పుకొనుచున్నాను.

3. నీరు ఆగితే పిందె నిలువదు

మామిడి పూతలో ఉన్నప్పుడు ఎక్కువ నీరు పెట్టరు. పిందె బఠాణీ గింజంత అయినది మొదలు క్రమముగా తడి ఇవ్వవలెను. ఇక్కడ పెద్దలు గమనించవలసినది "క్రమముగా" అన్న మాట. నెల దినములు ఎండబెట్టి ఒక్కసారిగా ముంచితే అది కూడ కీడే.

2024 ఎండాకాలము మనకెవరికీ మరపునకు రాదు. బోర్లు ఎండినవి. ట్యాంకరు కోసము వాట్సాప్‌లో వరుసలు కట్టితిమి. ఏప్రిల్ ఆఖరున నగరములో ఎండ 38 డిగ్రీలు దాటింది. వంటకే నీళ్ళు లేనప్పుడు చెట్టుకు ఎవరు పోస్తారు? విచిత్రమేమంటే, ఆ ఇంటికి కొద్ది దూరములోనే బెళ్ళందూరు చెరువు. ఈ నగరములో అన్నిటికంటె పెద్ద చెరువు, దాదాపు 900 ఎకరములు. నీరున్నది గాని మురుగు కలిసినది. నురుగు పొంగి రోడ్డు మీదికి వచ్చిన దినములు మనము చూచితిమి. 2017 ఫిబ్రవరిలోను, 2018 జనవరిలోను ఆ చెరువు మీద మంటలే లేచినవి. ప్రక్కన అంత నీరుండి, చెట్టుకు తడి లేదు.

మన పిల్లల స్థితి అదే కాదా? వాక్యమునకు కొదువ లేదు. ఫోను తెరిస్తే ప్రసంగములు, టీవీ పెడితే ప్రసంగములు. అయితే ఇంట తల్లిదండ్రులతో కూర్చుని ఒక అధ్యాయము చదివి, "నీకేమి అర్థమైనది నాయనా?" అని అడిగే ఆ చెంబెడు నీరు ఎక్కడ? సంవత్సరమునకు మూడు దినములు ఉజ్జీవ కూటములు పెట్టి వరద పారిస్తాము. మిగిలిన 362 దినములు వేరు ఎండుచున్నది. కీర్తనకారుడు చెప్పిన చెట్టు నీటికాలువల ఒడ్డున నాటబడినది. అప్పుడప్పుడు ట్యాంకరు వచ్చేది కాదు.

విత్తువాని ఉపమానములో ముండ్ల మధ్య పడిన విత్తనము మొలవకపోలేదు. అది మొలిచింది, ఎదిగింది. ఈ జీవనపు చింతలును, ధనమును, సుఖములును అణచివేయగా దాని ఫలము పక్వమునకు రాలేదు (లూకా 8:14). ప్రభువు ఇక్కడ చెప్పుచున్నది రాలిన పిందె సంగతే. ఔటర్ రింగు రోడ్డు మీద రాత్రి షిఫ్టు, ఫ్లాటు మీద బ్యాంకు వాయిదా, పిల్లల స్కూలు ఫీజు. ఇవి పాపములు కావు. అయితే వేరుకు చేరవలసిన నీటిని ఇవే త్రాగివేస్తే కాయ పండదు.

4. పాదు మీద గచ్చు

సహోదరులారా, అన్నిటికంటె నన్ను గాయపరచినది ఇదే. ఆ గచ్చు ఎవరో శత్రువు వేసినది కాదు. దేవుని కూటము కోసము, భక్తితో, ఖర్చు పెట్టి వేసినది.

మన సంఘములు స్థిరపడినవి. మొదట వచ్చినప్పుడు అద్దె గదిలో, చాపల మీద కూర్చుని ఆరాధించినవారము. ఇప్పుడు సొంత ఇండ్లు, సొంత మందిరము, కమిటీలు, కార్యక్రమములు. దేవునికి స్తోత్రము. అయితే మన సౌకర్యము కోసము వేసిన గచ్చు ఎవరి వేరు మీద పడినదో చూచితిమా?

మన పిల్లలకు తెలుగు మాటాడుట వచ్చును, చదువుట రాదు. తెలుగు బైబిలు చదవలేనివానిని ఆదివారపు బడిలో అందరి ముందు నిలబెట్టి నవ్వితిమి. వానికి అక్షరాలు నేర్పినవారెవరు? శ్రీకాకుళం నుండి, పాలమూరు నుండి అపార్టుమెంట్ల కట్టడపు పనికి వచ్చిన మన తెలుగు కుటుంబములు ఆదివారము వెనుక వరుసలో కూర్చుంటారు. నాలుగు వారములు వచ్చి ఐదవ వారము కనబడరు. "వలస కూలీలు, నిలకడ లేనివారు" అంటాము. ఆరాధన అయిన తరువాత వారి చేయి పట్టుకొని, "ఏ ఊరు తమ్ముడూ? ఎక్కడ ఉంటున్నారు? భోజనానికి రండి" అన్నవారు ఎందరు?

నా స్వంత తప్పు చెప్పుదును. కొన్నేండ్ల క్రితము నా చేతులతో బాప్తిస్మము ఇచ్చిన ఒక అబ్బాయి ఏడాది తిరుగకముందే మందిరమునకు రావడము మానివేశాడు. నేను పుల్పిటు మీద నుండి, పేరు చెప్పకపోయినా అందరికీ తెలిసేటట్లు, "నాగలి మీద చేయి పెట్టి వెనుక చూచినవాడు" అని గద్దించితిని. అతని తల్లి ముందు వరుసలో కూర్చుని ఉన్నది. బాప్తిస్మమైన దినమున అతనితో ఫోటో దిగిన నేను, ఆ తరువాత ఒక్కసారైనా అతని ఇంటికి వెళ్ళలేదు. రాలిన పిందెను గద్దించితిని. చెట్టు కాళ్ళు చూడలేదు.

ఆ మార్చి కూటమైన మరుసటి వారము అతని దగ్గరకు వెళ్ళితిని. అతడు తలుపు తీసి, "రండి అయ్యగారూ" అని కుర్చీ వేశాడు. క్షమించుమని అడిగితిని. చాలసేపు ఊరకున్నాడు. తరువాత అన్నాడు: "మా నాన్న చనిపోయినప్పుడు అందరూ వచ్చారండి. పదకొండు రోజుల తరువాత ఎవరూ రాలేదు. నాకు అడగాల్సిన ప్రశ్నలు చాలా ఉండేవి." ప్రియులారా, అతనిని పడవేసినది లోకము కాదు. లోకము గాలి మాత్రమే.

5. ఈ సంవత్సరము కూడ ఉండనిమ్ము

లూకా 13వ అధ్యాయములో యజమానుడు మూడేండ్లు వచ్చి అంజూరపు చెట్టున పండ్లు వెదకి, దొరకక, నరికివేయుమన్నాడు. తోటమాలి ఏమన్నాడు? ఈ ఒక్క సంవత్సరము ఉండనిమ్మన్నాడు. అంతటితో ఊరకుండలేదు. దాని చుట్టూ తానే త్రవ్వుదునని, తానే ఎరువు వేయుదునని చెప్పాడు. వేడుకొన్నవాడే పార పట్టుకొన్నాడు. అతడు మందు చల్లుదునని అనలేదు, కొమ్మలు తుడుతునని అనలేదు. పాదు దగ్గరకే వెళ్ళాడు.

మన తెలుగు బాప్తిస్టు మిషను ఒకప్పుడు ఇట్టి అంజూరపు చెట్టే. డే దొరగారు 1836లో తెలుగు దేశమునకు వచ్చారు, 1840లో నెల్లూరు చేరారు. ఏండ్లు గడచినవి, ఫలము వ్రేళ్ళ మీద లెక్కించునంత. 1853లో అమెరికాలోని మిషను పెద్దలు ఈ పనిని మూసివేయుదమా అని చర్చించారు. ఉండనిమ్మనినవారి మాట నెగ్గింది. "ఒంటరి నక్షత్రము" అన్న పేరు మన మిషనుకు అప్పుడే వచ్చింది. 1854 జనవరి 1న, తెల్లవారుజామున, జూయెట్ దొరగారు, దొరసానిగారు, మన తెలుగువారు ముగ్గురు, మొత్తము ఐదుగురు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఏర్పడినప్పుడు సభ్యులు 8 మంది. మరి పదకొండేండ్లకు గుండ్లకమ్మలో ఆ 2,222 మంది. 1853లో గొడ్డలి పడి ఉంటే, ఈ దినమున బెళ్ళందూరులో మీరు ఈ పత్రిక చదువుచుందురా?

అట్లయితే, రాలిపోయాడని మనము లెక్క నుండి కొట్టివేసిన ఆ యౌవనస్థుని గూర్చి, ఆ కూలి కుటుంబమును గూర్చి, "ఇంకొక సంవత్సరము" అని అడుగుటకు మనకంటె ఎక్కువ బాధ్యత ఎవరికున్నది? ఇక్కడ పోలిక ఆగుతుంది, అందుకు దేవునికి స్తోత్రము. రాలిన పిందె మరల కొమ్మకు అతుకదు. పడిన మనుష్యునికైతే ప్రభువు చేయి చాచుచున్నాడు. పేతురు పడినాడు. సముద్రపు ఒడ్డున నిప్పులు చేసి, చేపలు కాల్చి, ప్రభువే అతనిని భోజనమునకు పిలిచెను.

ప్రభువు మనలను ఏర్పరచుకొన్నది వెళ్ళి ఫలించుటకు మాత్రమే కాదు, ఆ ఫలము నిలిచియుండుటకు కూడ (యోహాను 15:16). మనము పూతను లెక్కపెట్టుచున్నాము. ఆయన నిలిచినదానిని లెక్కించును.

కనుక ఈ మూడు పనులు ప్రతి సంఘము చేయవలెనని ప్రేమతో బ్రతిమాలుచున్నాను. గత మూడేండ్లలో బాప్తిస్మము పొందినవారి పేర్లు రిజిస్టరులో తీసి, ఇప్పుడు రానివారి ఇండ్లకు పెద్దలు ఇద్దరిద్దరుగా వెళ్ళండి. గద్దించుటకు కాదు, వినుటకు. ప్రతి కొత్త విశ్వాసిని ఒక కుటుంబమునకు అప్పగించండి. ఆ కుటుంబము సంవత్సరము పొడవున వారితో కలిసి వాక్యము చదువవలెను. పనికి వచ్చిన మన తెలుగువారిని వెనుక వరుస నుండి మీ భోజనపు బల్ల దగ్గరకు తీసికొని రండి.

ఆ చెట్టు సంగతి చెప్పి ముగించెదను. కూటము వారే పలుగు తెచ్చి, మాను చుట్టూ నాలుగడుగుల మేర గచ్చు పగులగొట్టారు. పాదు చేసి, చివికిన పశువుల ఎరువు వేసి, ఎండుటాకులు కప్పారు. కూరగాయలు కడిగిన నీళ్ళు, బియ్యము కడిగిన నీళ్ళు ఆ సహోదరి దానికే పోసింది. 2025లో చెట్టు మరల పూసింది. పిందెలు మరల రాలినవి, అన్నీ నిలువలేదు. అయితే మే నెల కూటమున ప్రతి ఇంటికి ఒక కాయ వచ్చింది. ఇప్పుడు అక్కడ కుర్చీలు కొంచెము మట్టిలో దిగుచున్నవి. ఎవరూ ఏమీ అనుట లేదు.

ఆ అబ్బాయి ఇంకా క్రమముగా మందిరమునకు వచ్చుట లేదు. మంగళవారము సాయంత్రము నేను అతని ఇంటికి వెళ్ళుచున్నాను. అతడు ప్రశ్నలు అడుగుచున్నాడు. మీ ప్రార్థనలలో అతనిని జ్ఞాపకము చేసికొనండి.

ప్రార్థన: తోటను నాటిన తండ్రీ, రాలినవారిని నిందించిన మా నోళ్ళను క్షమించుము. మేము వేసిన గచ్చును పగులగొట్టుటకు మాకు దీనమనస్సును, పార పట్టుటకు బలమును దయచేయుము. ఈ సంవత్సరము కూడ ఉండనిమ్మని మా కోసము వేడుకొనుచున్న నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.